ఎర్రపోగు కట్టని చోట

మా మేనత్త పోయిందన్న మాట నాకు చెప్పింది ఆమె పక్కింటి చిన్నమ్మ. ఆదోనిలో నేను సైన్సు చెప్పే బడిలో అప్పుడే ప్రార్థన ముగిసి, పిల్లలు వరుసగా తరగతులకు పోతున్నారు.  ఫోనెత్తగానే, "అక్క పోయె పాపా. తెల్లారి టీ తాగి మళ్ల పండుకుండె. ఇంగ లేయల్యా," అంది. సరేనని ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అత్త చావు కబురు ఆ గొంతులోంచే వినాల్సి వచ్చిందే అని కోపం. ఆ కోపం ఎందుకో మీకు చెప్పకుండా అత్తను తలచుకోవడం నావల్ల కాదు.

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ముందు పత్తి లోడు లారీ పోతుంటే పీచు ఎగిరి మా బస్సులోకి వస్తోంది. కిటికీ వెయ్యమని వెనకనుంచి ఎవరో అరిచారు. వేశాను. ఆ ఊళ్లో అత్త ఇంటికి పోవడానికి ఎన్నిసార్లు ఈ బస్సెక్కానో. దిగేసరికి ఆమె వాకిట్లో నిలబడి, "ఏమే, ఈ బస్సుకా వస్తాండేది? నేను ముందు బస్సుకి టీ పెట్టి సల్లార్సినా," అని తిట్టేది. ఆ రోజు తిట్టడానికి ఎవరూ లేరు.

వాకిట్లో నేతపేట ఆడవాళ్లంతా ఉన్నారు. నేను అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాక, వెనక ఒక ముసలామె గొంతు తగ్గించి అన్న మాట నా చెవిన పడింది. "కేన్సర్ పరీక్ష సేయించుకున్న మనిషే పోయె. ముందే కనిపెట్టి మంచి సేసినారని మనకంతా సెప్పె కదా. యాడ మంచాయె? ఇంగ మనం పోయి సేసేదేముంది?" పక్కనున్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఆ మాట తప్పని ఆ వాకిట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోది వంటింటి గడపలో తల వంచుకుని నిలబడ్డ పక్కింటి చిన్నమ్మ. నేను లేచి ఆ మాట తప్పని చెప్పలేకపోయాను. చెప్పకుండా నా నోరు కట్టేసి పోయింది అత్తే.

మా అమ్మానాన్నలది చిప్పగిరి పక్క పల్లె, వానను నమ్ముకున్న సేద్యం. ఊళ్లో పెద్ద బడి లేదని నన్ను అత్త ఇంట్లో పెట్టారు. అత్తకు పిల్లలు లేరు. మామ, అత్త, రెండు గుంత మగ్గాలు, మధ్యలో నేను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే అత్తకు లోకం అక్కర్లేదు. పక్కన గట్టు మీద టీ గ్లాసు, దాని మీద మూతగా చిన్న గిన్నె. మగ్గంతో మాట్లాడేది. "ఏమప్పా, ఈ దినమన్నా మాటింటావా, అలిగి కూర్చుంటావా?" అని అడిగి మొదలుపెట్టేది. పోగు తెగితే తిట్టేది, అతుక్కుంటే మెచ్చుకునేది. మామను మాత్రం ఆమె ఎన్నడూ మెచ్చుకోగా నేను వినలేదు. ఆయన పోయాక ఆయన మగ్గానికి రోజూ నీళ్లగుడ్డ పెట్టి దుమ్ము తుడిచేది.

ఆదివారం బొరుగులతో ఉగ్గాని చేసేది. బజ్జీలు మాత్రం అంగడినుంచే తేవాలి. ఇంట్లో చేస్తే నూనె వాసన నూలుకు పడుతుందని ఆమె పట్టు. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ పల్లెనుంచి వచ్చేలోపు అత్తే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, సిగ్గుపడకుండా, దాచకుండా అంతా చెప్పింది. ఆ రోజు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఒళ్లు నీది. దాని సంగతి ముందు నువ్వు తెలుసుకో, తర్వాత నాకు సెప్పు. దాసిపెట్టే అలవాటు మాత్రం సేసుకోవద్దు." నేను సైన్సు టీచరునయ్యానంటే ఆ మాటే కారణమని చాలామందికి చెప్పుకున్నాను.

అత్త ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. మగ్గం మీద చీర సగంలో ఉండగా ఆమెకు ఊరికి పోవాల్సి వస్తే, ఒంట్లో బాగాలేకపోతే, పక్కింటి చిన్నమ్మ వచ్చి ఆమె బదులు కూర్చునేది. ఆమెకు పనైతే అత్త పోయి ఆ మగ్గం మీద కూర్చునేది. నేతపేటలో అందరూ చేసేదే. ఎవరు నేసినా చీర మాత్రం మగ్గం గలామె పేరునే పోతుంది. కానీ అత్త లేచేముందు చీర అంచుకు ఒక చిన్న ఎర్రపోగు ముడి వేసేది. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు ఇంకొకటి. ఆ రెండు ముడుల మధ్య ఉన్నది తన చెయ్యి కాదని గుర్తు. చీర కోసేటప్పుడు రెండూ తీసేసేది. ఎందుకత్తా అనడిగితే, "సెయ్యి మారితే గుర్తు పెట్టాల పాపా. ఎవురు నేసిందో నాకన్నా తెలియాల కదా," అనేది. ఇంకెవరూ ఇలా చేసేవాళ్లు కాదు. చాదస్తమని పేటలో నవ్వేవాళ్లు. నాకు మాత్రం అందులో ఒక నిజాయితీ కనపడేది.

శ్రావణమాసంలో ఉరుకుంద గుడికి తను పోలేని ఏడు కూడా ఇలాగే. పక్కింటి చిన్నమ్మ చేత టెంకాయ పంపి, "నా పేరు సెప్పి కొట్టు," అనేది. ఆమె కొట్టి వచ్చి చిప్ప చేతికిస్తే కళ్లకద్దుకునేది. మొక్కు తీరిపోయినట్టే.

ఇక పరీక్ష సంగతి. కొన్నేళ్ల కిందట మా బడికి ఆరోగ్యశాఖవాళ్లు వచ్చి టీచర్లకు చెప్పారు. ముప్పై దాటిన ఆడవాళ్లు, ఏ బాధా లేకపోయినా, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూపించుకోవాలి. ఒకసారి చూపించుకుని ఊరుకోకుండా కొన్నేళ్లకోసారి మళ్లీ పోవాలి. కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవాళ్లకో, అనుమానం ఉన్నవాళ్లకో చెప్పిన మాట కాదిది. మామూలుగా తిని తిరిగేవాళ్లందరికీ చెప్పింది. విన్న సాయంత్రమే అత్తకు ఫోన్ చేశాను. అత్తకు అప్పటికి యాభై దగ్గర పడుతోంది.

"నాకేమాయెనని పోవాల? మూడు పూటలా తింటాండా, మగ్గం తొక్కుతాండా," అంది.

"ఏమీ కానప్పుడే పోవాలత్తా. అయినాక పోయేది వేరే."

"ఏమీ కానోళ్లంతా ఆస్పత్రికి పోయి కూర్చుంటే అయినోళ్లకి జాగా యాడుంటాది?"

నవ్వొచ్చింది కానీ వదల్లేదు. ఆదివారం పోయి ఎదురుగా కూర్చున్నాను. "పొద్దున్నే మగ్గం మీది పడుగు పోగుల మీద చెయ్యేసి చూస్తావే. తెగిన పోగు కోసం చూస్తావా?" అని అడిగాను.

"తెగింది తెలుస్తానే ఉంటాది కదా. తెగేదానికుండేది సూస్తా."

"ఇదీ అంతే."

 "సదువుకొని, నా నూలుతోనే నన్ను కట్టేస్తాండావు," అని, అత్త పోతానని ఒప్పుకుంది. ఆ రోజు బస్సులో ఆదోనికి తిరిగి వస్తూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేతపేట బళ్లోనే క్యాంపు పెట్టారు. ఆ రోజు నాకు సెలవు దొరకలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే, "పోయొస్తిని. అంతా సూసినారు. నీ పోరు తీరిపాయె," అంది అత్త. ఆమె నాతో ఆడిన మొదటి అబద్ధం అదేనని నాకు అప్పుడు తెలియదు. తర్వాత కొన్నాళ్లకు ఆరోగ్య కేంద్రం నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. క్యాంపులో పులుపు నీళ్లలాంటి మందు పూసి చూసినప్పుడు ముఖద్వారం మీద తెల్లమచ్చ కనపడిందని, కర్నూలు పోయి చూపించుకోవాలని. అత్త ఆ మాట చెప్పగానే ఆస్పత్రికి ఫోన్ చేశాను. కనుక్కుంటే, అది కేన్సర్ కాదు, వదిలేస్తే ముందుముందు కేన్సర్ కాగలిగిన మచ్చ, చిన్న వైద్యంతో పోతుంది అన్నారు. నేను సెలవు పెట్టి వస్తానన్నాను. అత్త వద్దంటే వద్దంది. "పిల్లోళ్లకి పరీక్షలు వస్తాండాయి. పక్కింటామె తోడొస్తాదిలే," అంది.

వాళ్లు కర్నూలు నుంచి తిరిగొచ్చే వేళకు ఎమ్మిగనూరు బస్టాండుకు పోయి నిలబడ్డాను. బస్సులోంచి ముందు అత్త దిగింది, చేతిలో బరువైన సంచి. వెనక పక్కింటి చిన్నమ్మ, తలుపు దగ్గరి కడ్డీ పట్టుకుని మెల్లగా, ఒక్కొక్క మెట్టూ చూసుకుని దిగింది. నాకు ఒళ్లు మండింది. "వైద్యం చేయించుకున్న మనిషి చేత సంచి మోయిస్తావా చిన్నమ్మా? తోడు పోయింది ఇందుకేనా?" అన్నాను. ఆమె కళ్లు దించుకుంది. అత్త, "పోనీలే పాపా, దానికి బస్సు పడలేదు," అంది. సంచి నేను తీసుకున్నాను. ఆటోలో అత్తను ఒక పక్క ఒరిగి కూర్చోమని, నొప్పిగా ఉందా అని, దారంతా అడుగుతూ వచ్చాను. ఇద్దరూ నన్ను అడగనిచ్చారు. ఆ వారమంతా అత్త చారు కాచి గిన్నెలో పోసుకుని పక్కింటికి మోసింది. అది చూసి మా అత్త ఉక్కుమనిషి అని బడిలో అందరితో చెప్పాను.

అంతటితో ఆగలేదు. మా బడిలో తల్లుల సమావేశం పెట్టినప్పుడు అత్తను పిలిపించాను. మైకు ముందు నిలబడమంటే మొదట వద్దంది. నేనే బతిమాలాను. నిలబడ్డాక మాత్రం గొంతు తడబడకుండా మాట్లాడింది. "నాకు నొప్పి ల్యా, బాధ ల్యా. అయినా లోపల మచ్చ ఉండె. ఫోన్ వచ్చిన రేత్రి నిద్దర పట్టల్యా. ఇంట్లో సెప్పుకునే ధైర్యం ల్యా. పోయినాక తెలిసె, సన్నదేనని. పోకుండా ఉంటే ఏమయ్యేదో. మీరూ పోండమ్మా." తల్లులు చప్పట్లు కొట్టారు. నేను శాలువా కప్పాను. ఆ తర్వాత ఇంకో రెండు బళ్లకు తీసుకుపోయాను. ఆమె మాట విని పరీక్షకు పోయిన ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్లు ఇప్పటికీ కనపడితే నాకు నమస్కారం పెడతారు. ఒంటరిగా ఉండే మనిషికి 'ఇంట్లో చెప్పుకునే ధైర్యం' సంగతి ఎక్కడిదని ఆ రోజు నాకు తట్టలేదు. అది పక్కింటి చిన్నమ్మ భయం. అత్త దాన్ని తనదిగా చేసుకుని మైకులో చెప్పింది.

పోయినేడు ఎండాకాలంలో అత్త చిక్కిపోయింది. అడిగితే ఎండ అంది. మళ్లీ చూపించుకోవడానికి పోతున్నావా అంటే పోతాండాలే అంది. నిజమే, ఆమె పేరు ఏటా పోతూనే ఉంది. ఒక ఆదివారం నేను పోయేసరికి మగ్గం గుంతలోకి దిగలేక గోడ పట్టుకుని నిలబడి ఉంది. ముట్లుడిగి చాలా కాలమైన మనిషికి రక్తం పోతోందని, నెలలుగా పోతోందని, గుడ్డలు విడిగా ఉతికి దొడ్లో ఆరేస్తోందని ఆ రోజే నాకు తెలిసింది. ఒంటి సంగతి దాచుకోవద్దని నాకు నేర్పిన మనిషే ఇంతకాలం దాచింది.

కర్నూలులో డాక్టరమ్మ చూసింది. చూసి వచ్చి కూర్చుని, "ముందోసారి మచ్చకు వైద్యం చేశారంటున్నారు. ఏం చేశారమ్మా అప్పుడు? వేడి పెట్టారా, ముక్క తీశారా?" అని అడిగింది.

"వేడి పెట్టారు మేడం," అన్నాను నేను.

"ఆమెను చెప్పనివ్వండి."

అత్త కొంగు చివర పట్టుకుని దాని పోగులు చూస్తూ కూర్చుంది. "నాకు కాదు మేడం," అంది. "సేసింది నాకు కాదు. నా పేరుకి సేసినారు. మనిషి వేరే."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. అత్త ఎవరివైపూ చూడలేదు. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాటల్లో నాకు ఒకటే అర్థమైంది, జబ్బు చాలా దూరం పోయిందని.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. అడగడం కాదు, నిలదీశాను. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూశారు. అత్త తాపీగా చెప్పింది. పక్కింటి చిన్నమ్మ తల్లి ఈ జబ్బుతోనే పోయిందట. ఆ భయం ఆమెను పట్టి పీడించేది. మొగుడు మాత్రం క్యాంపు గడప తొక్కితే ఊరుకోనన్నాడు. అట్లాంటి జబ్బేదన్నా బయటపడితే పుట్టింటికి పంపించేస్తానన్నాడు. ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది, ఏ కబురొచ్చినా ఆయనకే తెలుస్తుంది. క్యాంపు పొద్దున ఆమె అత్త మగ్గం దగ్గరికి వచ్చి ఏడ్చింది.

"నా పేరుకి నువ్వు పోయి పండుకో, నేను నీ మగ్గం మీద కూర్చుంటా అని పంపిస్తిని. వచ్చినోళ్లు బయటోళ్లు, ఆధార్ కార్డులో బొమ్మ నాకే గుర్తు పట్టరాదు. నాకేం ల్యా కదా, నాకెందుకు పరీక్ష అనుకొంటి. దానికి భయముండె. పోనీలే అనుకొంటి."

"మంచి పనే చేశావు. తర్వాత నువ్వు పోయుండొచ్చు కదా?"

"నా పేరుకి అయిపాయె కదా పాపా. మళ్ల నేను పోతే, ముందు సూసిన మనిషి ఈమె కాదంటారు. దాని సంగతి బయటపడ్తాది."

"రక్తం పోయినప్పుడు నాకన్నా చెప్పుండొచ్చు కదా?"

 "ఇంగోటి సెప్తా, నవ్వద్దు," అంది. "నా పేరున మచ్చ కనపడె, నా పేరున పాయె. ఇంగ నాకు రాదనుకొంటి. మొక్కు ఎవురు తీర్చినా పేరుకే కదా సెల్లేది."

నేను నవ్వలేదు. ఉరుకుంద టెంకాయ చిప్పను ఆమె కళ్లకద్దుకోవడం గుర్తొచ్చింది. మగ్గం మీద మనిషి మారినా చీర తన పేరునే చెల్లింది. గుళ్లో టెంకాయ తన పేరునే చెల్లింది. ఒళ్లు కూడా అట్లాగే అనుకుంది. అంత చదువు చెప్పి, పడుగునూ పోగులనూ పోల్చి ఒప్పించిన నేను, ఈ పరీక్ష పేరుకు కాదు ఒంటికని వేరే చెప్పాలని ఏనాడూ అనుకోలేదు. ఎవరనుకుంటారు? నాకు జాలి వేయలేదు. మోసపోయాననిపించింది. "మైకు ముందు నిలబడి అబద్ధం చెప్పావత్తా," అన్నాను. "నా పిల్లల తల్లులకు అబద్ధం చెప్పావు."

"అబద్ధం కాదు. జరిగింది నిజమే. నాకు జరగల్యా, అంతే," అంది. తర్వాత చెయ్యి చాపింది. "దాని మొగునికి తెలియకూడదు. నేను ఉన్నా పోయినా నువ్వు సెప్పకూడదు. సెయ్యెయ్యి." వేశాను. అత్త అడిగితే ఏదీ కాదనలేదు నేను, అదీ కాదనలేదు.

వైద్యం చేయించాం. కొన్నాళ్లు కుదుటపడినట్టే ఉండింది. అప్పుడే ఆమె, "నీకోసరం ఒక సీర నేస్తా," అని మగ్గం మీద కూర్చుంది. రోజుకు కాస్త, మళ్లీ కర్నూలు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చేదాకా. ఆమెకు స్నానం చేయించడం, తినిపించడం, ఆస్పత్రికి తీసుకుపోవడం, అన్నీ పక్కింటి చిన్నమ్మే చేసింది. నేను ఆమెతో మాట మానేశాను. నీళ్లు అందిస్తే అందుకునేదాన్ని, ముఖం చూసేదాన్ని కాదు. ఆమె బతికి తిరుగుతుంటే అత్త గోడవైపు తిరిగి పడుకోవడం నాకు కనపడేది. అత్త అది గమనించి ఒకసారి, "దాని మీద ఏం కోపం? నేను పొమ్మంటేనే కదా పోయింది," అంది.  కోపం నిజానికి అత్త మీదే ఎక్కువ. జబ్బుపడిన మనిషిని ఏమీ అనలేక అదంతా పక్కింటికి పంపాను.

ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చాక, అలా ఉండగానే పోయింది. దినాలు జరిగే రోజున అత్త వీధి ఆశా వర్కరు నన్ను పక్కకు పిలిచింది. వచ్చే వారం మళ్లీ క్యాంపు ఉందని, ఈ వీధినుంచి ఒక్కరూ వస్తామనడం లేదని చెప్పింది. "మీ అత్త సంగతే సెప్తాండారు మేడం. అంత ముందు కనిపెట్టినా ఆమే పోయె, ఇంగ మేమెందుకంటారు. నేనేం సెప్పాల?" ఆదోనిలోనూ అంతే. శాలువా కప్పిన రోజు చప్పట్లు కొట్టిన ఒక తల్లి గేటు దగ్గర నన్ను ఆపి, "పరీక్ష తప్పు సెప్పిందా మేడం?" అని అడిగింది. పరీక్ష తప్పు చెప్పలేదు. పరీక్ష మా అత్తను చూడనే లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అత్త మీద నాకున్న కోపంలో పెద్దది ఇదే. తను పోతూ పోతూ తన మాట నమ్మిన ఆడవాళ్లందరినీ వెనక్కి తీసుకుపోతోంది, నేను చేతిలో చెయ్యేసిన పాపానికి చూస్తూ నిలబడాలి.

ఆశా వర్కరు అడుగుతున్నప్పుడు పక్కింటి చిన్నమ్మ అక్కడే తిన్న ఆకులు తీస్తోంది. ఆశా వర్కరు వెళ్లాక చిన్నమ్మ చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"నాతో మాట్లాడవని తెలుసు. మాట్లాడొద్దులే. సెప్పేది విను సాలు. నువ్వు అందరికీ సెప్పు పాపా. మచ్చ కనపడింది నాకని, నాకు మంచాయెనని, అక్క ఎన్నడూ పోలేదని. ఉన్నదున్నట్లు సెప్పు."

"మీ ఆయన?" అన్నాను. నెలల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

"సెప్పేసినా. పొద్దున్నే సెప్పినా."

"ఏమన్నాడు?"

"ఏమనల్యా. బయటికి పోయి గట్టు మీద కూర్చునె. ఎండెక్కినాక లోపలికి వచ్చి అన్నం పెట్టమనె. పెడితిని. తినె."

"అంతేనా?"

"అంతే పాపా," అంది, అని గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. మా అత్త తన ప్రాణం అడ్డం పెట్టి కాచిన రహస్యం బయటపడిన రోజు జరిగింది ఇదీ. ఒక మగాడు కాసేపు గట్టు మీద కూర్చుని లోపలికి వచ్చి అన్నం తిన్నాడు. ఆయన మొదటే అట్లా తినుంటాడో, ఏళ్లు గడిచాక కాబట్టి తిన్నాడో నాకు తెలియదు. అది తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. క్షమించాననలేను. ఆమె భుజం మీద చెయ్యి మాత్రం వేశాను.

అందుకే రాస్తున్నాను. చదివే అక్కలారా, అమ్మలారా, మా అత్త పరీక్ష చేయించుకుని పోలేదు, చేయించుకోక పోయింది. చేయించుకున్న మనిషి అత్త పక్కింట్లో మగ్గం నేస్తోంది. ముప్పై దాటితే ఏ బాధా లేనప్పుడే పోండి, చెప్పిన గడువుకు మళ్లీ పోండి, మీ ఒంటితో మీరే పోండి. ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉన్నవాళ్లు అక్కడి నర్సమ్మ చెవిలోనన్నా ఆ మాట వేయండి. నాకు తెలిసినంతలో ఎవరో ఒకరు దారి చూపిస్తారు. మా అత్త నన్ను చదివించింది, నన్ను మనిషిని చేసింది, పక్కింటి మనిషిని బతికించింది, నన్ను మోసం చేసింది. ఇవన్నీ ఒకే మనిషి చేసింది. ఏ ఒక్కటీ తీసేసి ఆమెను తలచుకోలేకపోతున్నాను.

క్యాంపు రోజు బడి వరండాలో పక్కింటి చిన్నమ్మ అందరికన్నా ముందు కూర్చుంది. పేరడిగితే తన పేరు చెప్పింది, వెనక వరుసకు కూడా వినపడేలా. ఆమె వెనక ఇంకొందరు ఉన్నారు. వాకిట్లో ఆ మాటన్న ముసలామె తన కోడలిని తీసుకొచ్చింది.

నా కోసం అత్త మొదలుపెట్టిన చీరను కూడా చిన్నమ్మే పూర్తి చేసింది. కోసేముందు ఫోన్ చేసి, ఎర్రపోగు తీసెయ్యాలా అని అడిగింది. తీయొద్దన్నాను. ఆదివారం పోయి, ఖాళీ అయిన మగ్గం పక్కన చాప వేసుకుని చీర మడతలు విప్పాను. అంచు వెంబడి వేలు పోనిస్తే ఒకచోట చిన్న ముడి తగిలింది. మళ్లీ కర్నూలు ఆస్పత్రిలో చేరడానికి లేచిన రోజు అత్త కట్టింది. అక్కడిదాకా ఆమె నేత. అక్కడినుంచి కొంగు చివరిదాకా వేలు జరుపుకుంటూ పోయాను, మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి చూశాను. రెండో ముడి ఎక్కడా లేదు.